ఏడవని సాక్ష్యం

అరోరా,
అక్టోబరు 4, 1981.

రాజూ,

నీకూ వసంతకూ మా ఇంటిల్లిపాది వందనాలు. ఇంటిల్లిపాది అంటే ఇప్పుడు ఒక మనిషి పెరిగింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే మధ్యలో నవ్వి నా మాట పాడుచేస్తావు. ఉత్తరమైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినక తప్పదు నీకు.

మేము ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునే అమెరికన్ చర్చి ఉంది కదా, వాళ్ళు కంబోడియా నుంచి వచ్చిన ఒక శరణార్థి స్త్రీని స్పాన్సర్ చేశారు. వాళ్ళ పాస్టరుగారు మన తెలుగు సహవాసానికి వచ్చి, "మీరూ అన్నం తినేవాళ్ళే కదా, ఆమె మీలో ఎవరింట్లోనైనా ఉంటే బాగుంటుంది" అన్నారు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. మీ బావ నా చెయ్యి కిందికి లాగేలోపు పాస్టరుగారు చూసేశారు.

ఆవిడ పేరు నారీ. విన్నావా, మన మాటే! వయసు నాకంటే తక్కువే గానీ చూస్తే పెద్దదానిలా ఉంటుంది. వచ్చిన మర్నాడు వంటింట్లో నా పక్కన నిలబడి బియ్యం కడిగి, గిన్నెలో వేలు ముంచి నీళ్ళు సరిచూసుకుంది, అచ్చం మన అమ్మలాగా. నిన్న ఎండు మెత్తళ్ళు వేయిస్తుంటే వాసనకి పై గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం పొయ్యి దగ్గరే నిలబడి తినేశాం. మీ బావ కిటికీలు తెరుచుకుంటూ ఇల్లంతా తిరిగాడు. నాకు చెల్లెలు లేని లోటు తీరిందిరా.

వాళ్ళ దేశంలో జరిగిన ఘోరంలో ఆవిడ భర్త పోయాడు, ముగ్గురు బిడ్డలు పోయారు. ఇది ఏజెన్సీ వాళ్ళు చెప్పిన మాట. ఆవిడ నాతో ఏమీ చెప్పలేదు. ఆ రోజుల్లో తల్లుల్నీ పిల్లల్నీ వేరుచేసి పనులకు తోలేవారట. అలా నాలుగేళ్ళప్పుడు విడిపోయిన ఆఖరి కూతురు మాత్రం బతికి ఉందని ఈ మధ్యే తెలిసింది. ఇప్పుడు థాయిలాండ్ శిబిరంలో ఎవరో ముసలావిడ దగ్గర ఉంది. ఆ పిల్లని ఇక్కడికి రప్పించాలంటే ఎవరైనా పూచీ పడుతూ సంతకాలు చెయ్యాలి. అమెరికన్ చర్చివాళ్ళు ఇప్పటికే కొన్ని కుటుంబాలకి పూచీ పడ్డారు. ఈసారి మన సహవాసం ముందుకు రావాలి.

దానికి నేనొక దారి ఆలోచించాను. ఆవిడ క్షేమంగా చేరినందుకు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతాను. ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ నుంచి బయటపడ్డా పెట్టుకుంటాం కదా, చావు నోట్లోంచి బయటపడ్డ మనిషికి పెట్టొద్దూ? ఆవిడ లేచి సాక్ష్యం చెబుతుంది. జ్ఞానమ్మగారు డ్రైవింగ్ టెస్టు పాసయినందుకు సాక్ష్యం చెబితేనే హాలంతా కళ్ళు తుడుచుకుంది. ఇక ఇది వింటే ఎవరు కరగరు? అక్కడికక్కడే సంతకాలు పెట్టేస్తారు.

నువ్వు చర్చికి వెళ్తున్నావా లేదా అని అడగను. అడగలేదని గుర్తుంచుకో.

నీ అక్క,
దేవకుమారి


సన్నీవేల్,
అక్టోబరు 19, 1981.

అక్కా,

నవ్వలేదు. ఒక్క మెత్తళ్ళ దగ్గర తప్ప. పాపం బావ! వసంత ఉత్తరమంతా చదివి, "వదినగారి మనసు వెన్న" అంది. నేనూ ఒప్పుకున్నాను. కానీ ఆ వెన్న మన వంటింట్లో మాత్రమే కరుగుతుందని కూడా అన్నాను. ఆ మాట నీకు రాయొద్దంది, రాసేశాను.

కోప్పడకుండా విను. ఆవిడ గిన్నెలో వేలు ముంచింది కాబట్టి నీకు చెల్లెలయింది. రొట్టె తినే మనిషయితే? మెత్తళ్ళ వాసనకి ముక్కు మూసుకునే మనిషయితే? అప్పుడూ ఆ బిడ్డ బిడ్డే కదా.

నీకు చెప్పేటంత గొప్పవాణ్ణి కాను. మా ఆఫీసు కెఫెటీరియాలో వియత్నాం నుంచి వచ్చినవాళ్ళదొక బల్ల, మనవాళ్ళదొక బల్ల. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నేను వాళ్ళ బల్ల దగ్గర కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. బుద్ధి పుట్టలేదు, అంతే.

కానీ ఒకటి అడుగుతాను. ఆవిడకి చెప్పాలని ఉందా? నీతోనే చెప్పుకోని మాటని హాలునిండా జనం ముందు ఎందుకు చెప్పాలి? సంతకాలు కావాలంటే సంతకాలే అడుగు. కూతుర్ని తెచ్చుకోవడానికి తల్లి మనందరినీ ఏడిపించాలా?

జ్ఞానమ్మగారి డ్రైవింగ్‌కి నేనూ కృతజ్ఞుణ్ణే. నేనుండేది కాలిఫోర్నియాలో కాబట్టి.

నీ తమ్ముడు,
రాజు


అరోరా,
నవంబరు 24, 1981.

రాజూ,

మన కూడికలు నీకు నవ్వులాటయితే అవనీ. ఆవిడని అడగకుండా పెట్టానని అనుకోకు. అడిగాను. "ఓకే, ఓకే" అంది. ఆవిడ దేనికైనా ఓకే అంటుందని తర్వాత తెలిసింది.

మొన్న ఆదివారం జరిగింది. ఎలా జరిగిందో రాయడానికి చెయ్యి రావటం లేదు, అయినా నీకు కాక ఎవరికి రాయను?

ఇల్లు నిండిపోయింది. పులిహోర, కోడికూర, ఆవిడ కోసం చేపల పులుసు. ఏజెన్సీ వాళ్ళు చికాగో నుంచి భాష చెప్పడానికి వాళ్ళ దేశపు పెద్దాయన్ని పంపారు. పాటలయ్యాయి. సంఘపెద్ద జోసఫ్‌గారు ప్రార్థన చేసి, "ఇప్పుడు మన సహోదరి సాక్ష్యం" అన్నారు. జ్ఞానమ్మగారు ముందుగానే రుమాలు చేతిలోకి తీసుకుంది.

నారీ లేచింది. ముగ్గురు బిడ్డల పేర్లూ చెప్పింది. ఒకడు జ్వరంతో, ఒకడు ఆకలితో పోయారు. మూడోది ఆడపిల్ల. తల్లి పొలం పని నుంచి వచ్చేసరికి ఎవరో పూడ్చేశారు, ఎక్కడో కూడా చెప్పలేదు. పెద్దాయన ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో చెబుతున్నాడు. రాజూ, ఇదంతా చెబుతున్నంతసేపూ ఆవిడ నవ్వుతూనే ఉంది. పెదవి బిగబట్టిన నవ్వు కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి నవ్వే నవ్వు. ఆఖరికి "థాంక్యూ, థాంక్యూ" అని నాలుగు వైపులా తిరిగి దణ్ణం పెట్టి కూర్చుంది.

ఒక్కరి కంట తడి లేదు. జ్ఞానమ్మగారు రుమాలు మడిచి సంచీలో పెట్టేసుకుంది.

భోజనాల దగ్గర జోసఫ్‌గారు నన్ను పక్కకి పిలిచారు. "ఏంటమ్మా దేవకుమారీ, కన్నబిడ్డలు పోయారని చెబుతూ ఎవరైనా నవ్వుతారా? అసలు ఆ క్యాంపులో ఉన్న పిల్ల ఈవిడ కూతురేనని గ్యారంటీ ఏంటి? మనం సైన్ చేశాక ఏదైనా ప్రాబ్లమ్ వస్తే మన సిటిజన్‌షిప్‌లకే ఎఫెక్ట్ అవుద్ది" అన్నారు. జ్ఞానమ్మగారు, "ఆ మనిషిని చూస్తే నాకు గుండె గడ్డకట్టుకుపోయిందమ్మా" అంది. చివరికి అందరూ కలిసి, "ఈ విషయం ప్రార్థనలో పెట్టుకుందాం" అన్నారు. మనవాళ్ళు ఆ మాట ఎప్పుడంటారో నీకు చెప్పక్కర్లేదు.

వాళ్ళని ఏమనను? నాకే ఒళ్ళు జలదరించింది. అప్పటి నుంచి ఆవిడ పక్కన కూర్చుని తినబుద్ధి కావటం లేదు. ఆ నవ్వు చూస్తే నువ్వే గుర్తొచ్చావు. అమ్మని పెట్టెలో పెట్టి ఇంటి ముందు ఉంచితే, ఆ పెట్టె చేసిన వడ్రంగితో నవ్వుతూ నిలబడ్డావు. మన రేపల్లె ఊరు సగం చూసింది. ఇన్నేళ్ళూ నేను ఒక్క మాటనలేదు. కొందరి మనసులు అలా ఉంటాయి కాబోలు.

నాకేమీ తోచటం లేదు. ఆవిడ మా ఇంట్లో కాక ఇంకెక్కడైనా ఉంటేనే మంచిదేమో.

అక్క


సన్నీవేల్,
డిసెంబరు 6, 1981.

దేవకుమారి అక్కకి,

ఆవిడని పంపేశావా? ఎక్కడికి పంపావు? ఈ చలికాలంలో ఆవిడకి అక్కడ ఎవరున్నారు? ముందు దానికి జవాబు రాయి.

ఇక అమ్మ సంగతి. నువ్వు ఒక్క మాటా అనలేదు, నిజమే. చూశావు. అది చాలు.

ఆ వడ్రంగి నన్ను పక్కకి పిలిచి, "అమ్మగారు పొడగరి కదా బాబూ, కొలత సరిపోయిందా?" అని అడిగాడు. చొక్కా కుట్టినవాడు అడిగినట్టు అడిగాడు. నాకు నవ్వొచ్చింది. లోపల ఏదీ కదలటం లేదు, నోరొక్కటే నవ్వుతోంది. ఆపుదామంటే ఆగదు. ఆపేకొద్దీ ఎక్కువైంది. అప్పుడు నువ్వు చూశావు.

ఇక్కడికొచ్చిన కొత్తలో ఒకరోజు అపార్ట్‌మెంట్ లాండ్రీ రూములో బట్టలు తీస్తున్నాను. పక్క మెషీన్‌లో ఎవరివో దుప్పట్లు. ఆ సబ్బు వాసనేమిటో, అమ్మ వచ్చి వెనక నిలబడ్డట్టయింది. అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. ఒక మెక్సికన్ ముసలావిడ వచ్చి, తన దుప్పట్లు మడిచాక నా బట్టలు కూడా మడిచిపెట్టి వెళ్ళిపోయింది. ఎందుకేడుస్తున్నావని కూడా అడగలేదు.

అక్కడ నువ్వు లేవు. రేపల్లె లేదు. మీరెవరూ చూడలేదు కాబట్టి నేను మా అమ్మ కోసం ఏడవనట్టేనా?

ఈ సంగతి వసంతకి కూడా ఇవాళే చెప్పాను.

రత్నరాజు


అరోరా,
జనవరి 17, 1982.

నాన్నా రాజూ,

నువ్వు "రత్నరాజు" అని సంతకం పెట్టడం చూసి గుండె జారిపోయింది. ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడం కోపంతో కాదు, సిగ్గుతో. నీ ఉత్తరం బాత్రూములో తలుపేసుకుని చదివాను. నువ్వు నేలమీద కూర్చుని ఏడుస్తుంటే నేను లేకపోయానురా. నన్ను క్షమించు.

నారీని పంపెయ్యలేదు. నేను రాసిన మాట అలా అర్థమవుతుందని అనుకోలేదు. అనుకున్న మాట మాత్రం నిజమే, అందుకని వాదించను. ఇక్కడ చలి ఎలా ఉందో టీవీలో చూసే ఉంటావు. ఊపిరి వదిలితే మఫ్లర్ మీద మంచు కడుతోంది. కుక్కని కూడా బయటికి పంపే రోజులు కావు.

కానీ నీతో అబద్ధమాడలేను. నీ సంగతి చదివాక ఆవిడ నవ్వు నాకు అర్థమయింది. అర్థమయినా మనసు మాత్రం కరగలేదు. పై గది ఊడుస్తుంటే మంచం కింద దిండు గలీబుల్లో బియ్యం మూటలు కనిపించాయి. నాకెంత కోపమొచ్చిందో! మా ఇంట్లో తిండికి కొదవా? ఆవిడ ఆకలి చూసిన మనిషని తెలుసు. తెలిసి కూడా కోపమొచ్చింది. గిన్నెలు తోమితే పెద్ద చప్పుడు. ఏమడిగినా ఓకే. రోజూ ప్రార్థనలో, ప్రభువా, ఈమె మీద నాకు ప్రేమనియ్యి అని అడుగుతున్నాను. ఇవ్వటం లేదు.

ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. ఈ నెలాఖరులోగా పూచీ సంతకాలు రాకపోతే పిల్ల ఫైలు పక్కన పెట్టేస్తారట. మళ్ళీ ఎప్పుడు పైకి తీస్తారో ఎవరికీ తెలియదు. సహవాసంలో విషయం ఇంకా ప్రార్థనలోనే ఉంది. మీ బావ, "నువ్వు పెడితే నేనూ పెడతా, ఆలోచించుకో" అని బరువంతా నా నెత్తినే వేశాడు.

ఆవిడకి ఆ ఫోను సంగతి తెలుసు. మొన్న నేను హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో వేసుకునే నా చెప్పులు కడిగి, ఆరబెట్టి, గుమ్మం దగ్గర పెట్టింది. నన్ను చూసి నవ్వింది. నేను చూపు తిప్పుకున్నాను.

మనసులో ప్రేమ లేకుండా సంతకం పెడితే అది దేవుడి ముందు అబద్ధం కాదా? ఒక పసిదాని బతుకురా అది. పైకి తల్లిలా నటించి లోపల విసుక్కునే మనిషి ఇంటికి దాన్ని ఎలా తేను?

నీ అక్క


సన్నీవేల్,
జనవరి 22, 1982.

అక్కా,

క్షమించేదేముంది, నువ్వు నాకు అక్కవి. ఇది స్పెషల్ డెలివరీలో పంపుతున్నాను. ఇందులో ఇంకో కాగితం ఉంది. అది నా పూచీ సంతకం. ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగితే వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళూ పెట్టవచ్చన్నారు. నోటరీ చేయించాను. వసంత నా కంటే ముందు కలం తీసింది.

నువ్వు ఇన్నేళ్ళుగా నర్సువి. వార్డులో ఎంతమందికి బెడ్‌పాన్ పెట్టావు? అందరి మీదా ప్రేమ పుట్టాకే పెట్టావా? "నీ రంగు చేతులతో నన్ను ముట్టుకోకు" అన్న ముసలాయన ఒకడుండేవాడు, గుర్తుందా? తిడుతూనే ఉన్నాడు, నువ్వు ఇంజక్షన్ ఇస్తూనే ఉన్నావు. ఆ సంగతి నువ్వే రాశావు. ఆయన మీద ప్రేమ పొంగిందని మాత్రం రాయలేదు. మరి ఆ ఇంజక్షన్ అబద్ధమా? ఆయన జ్వరం తగ్గలేదా?

ప్రేమ వస్తే మంచిదే. కానీ అది చుట్టరికం చూసుకుని గాని గడప దాటదు. దానికోసం కూర్చుంటే నెలాఖరు దాటిపోతుంది. ఆ పిల్లకి ఇప్పుడు కావలసింది నీ ప్రేమ కాదక్కా, నీ సంతకం. విసుక్కుంటూనే పెట్టు.

నీకు ఇదంతా రాయాలనుకున్నాక నేను ఊరుకుంటే బాగుండదని నిన్న వియత్నాం వాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాను. అదేమీ అద్భుతంగా జరగలేదు. నేను కూర్చోగానే వాళ్ళు మాటలాపేశారు. నేను వాతావరణం గురించి చెప్పాను. కాలిఫోర్నియాలో వాతావరణం గురించి చెప్పడానికేముంటుంది? అందరం తలలు వంచుకుని తిన్నాం. మనవాళ్ళ బల్ల నుంచి కృష్ణమోహన్ నన్ను వింతగా చూశాడు. సోమవారం కూడా కూర్చోవాలా అని ఆలోచిస్తున్నాను.

రాజు


అరోరా,
ఆగస్టు 29, 1982.

రాజూ,

పిల్ల వచ్చింది. నిన్న రాత్రి ఫోనులో ఆ ఒక్క ముక్కే చెప్పి పెట్టేశానని నొచ్చుకునే ఉంటావు. అందరి ముందూ చెప్పే సంగతి కాదది. ఇప్పుడు చెబుతున్నాను.

మన సంతకాలు అందాక జ్ఞానమ్మగారు తనంతట తానే వచ్చి, "మీరు పెట్టాక నేను పెట్టకపోతే ఏం బాగుంటుంది" అని తనదీ పెట్టింది. ఆ తర్వాత జోసఫ్‌గారు. అలా ప్రార్థనలోంచి విషయం బయటికొచ్చింది. ప్రేమ సంగతి అడగకు. నారీ, నేనూ మళ్ళీ పక్కపక్కన కూర్చుని తింటున్నాం. గిన్నెల చప్పుడు అలవాటైపోయింది. బియ్యం మూటలు ఉన్నచోటే ఉన్నాయి, నేను వాటి చుట్టూ ఊడుస్తున్నాను.

నిన్న ఎయిర్‌పోర్టుకి సహవాసంలో సగం మంది వచ్చారు. జోసఫ్‌గారు కెమెరా తెచ్చారు. జ్ఞానమ్మగారు ఆగస్టు ఎండలో పిల్లకి ఉన్ని కోటు తెచ్చింది. నారీ పొద్దుట నుంచి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు అంటే నాకిప్పుడు భయం లేదని లోపల గర్వపడ్డాను కూడా.

పిల్ల ఏజెన్సీ ఆవిడ చెయ్యి పట్టుకుని వచ్చింది. బక్కపల్చని పిల్ల, మెడలో పేరు రాసిన సంచీ. నారీ ముందుకు వెళ్ళి నిలబడింది. పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. మాకందరికీ పెట్టినట్టే ఆవిడకీ చేతులు జోడించి ఒక దణ్ణం పెట్టింది. తర్వాత ఆవిడని దాటి, మమ్మల్ని దాటి, వెనక్కి చూడసాగింది. అమ్మ ఎక్కడుందా అని.

అప్పుడు ఏడ్చిందిరా నారీ. నేలమీద కూలబడి, గుండెలు బాదుకుని, రాగం తీసి ఏడ్చింది. మన వైపు ఆడవాళ్ళు శవం మీద పడి మాటలు కలిపి ఏడుస్తారే, అలాగ. పోయిన బిడ్డల్ని ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచింది. ఎయిర్‌పోర్టులో నడిచేవాళ్ళు ఆగిపోయారు. ఒక పోలీసు మా వైపు రావడం మొదలుపెట్టాడు. జోసఫ్‌గారు కెమెరా దించేసి గోడకేసి తిరిగారు. జ్ఞానమ్మగారు నా మోచెయ్యి పొడిచి, "కాస్త ఊరుకోమనవే, అందరూ చూస్తున్నారు" అంది.

ఆమె చెప్పకముందే నేనూ అదే అనుకుంటున్నాను. వంగి నారీ భుజం పట్టుకుని, "నారీ, స్టాప్. ప్లీజ్. నో క్రయింగ్. పీపుల్ లుకింగ్" అన్నాను. మెల్లగా అనలేదు. వార్డులో అల్లరి పేషెంట్లతో మాట్లాడే గొంతుతో అన్నాను.

ఆవిడ వెంటనే ఊరుకుంది. "ఓకే, ఓకే" అంది. లేచి, చేత్తో మొహం తుడుచుకుని, నా వైపు చూసి నవ్వింది.

నవ్వితే మేము నమ్మలేదు. ఏడిస్తే ఓర్చుకోలేకపోయాం. ఇంకేం చెయ్యాలిరా ఆ మనిషి?

కారులో తల్లీ కూతురూ వెనక సీటులో చెరో కిటికీ వైపూ కూర్చున్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఇవాళ చర్చి నుంచి వచ్చాక ఇద్దరూ పై గదిలో ఉన్నారు. ఏ చప్పుడూ లేదు. ఈ ఇంట్లో ఎంత గట్టిగా ఏడ్చినా ఫరవాలేదని ఆవిడతో చెప్పాలి. ఏ మాటలతో చెప్పాలో తెలియటం లేదు. ఒకసారి మెట్లు సగం ఎక్కి దిగివచ్చాను. ఈ కవరు అంటించి మళ్ళీ ఎక్కుతాను. మాటలు రాకపోతే వెళ్ళి పక్కన కూర్చుంటాను.

అక్క